రెండో పొయ్యి

"తిన్నానమ్మా" అన్నాడు గంగరాజు.

దాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ముందు కంచంలో అన్నం వడ్డించి ఉంది. పక్కన ఆనపకాయ కూర, మీద పోపు ఇంకా చల్లారలేదు. ఇంత వండిపెట్టుకుని కూర్చుంటే కన్నకొడుకు గుమ్మం దాటి లోపలికైనా రాకుండా, తడిచెయ్యి తువ్వాలుకి తుడుచుకుంటూ తిన్నానంటాడు.

"ఎక్కడ తిన్నావురా?" అంది. తెలియక అడిగింది కాదు.

గంగరాజు పెరట్లో సావిడి వైపు చూశాడు. "సిన్నమ్మ ఉలవచారు కాసింది. తిని ఎల్లమంది."

అబ్బో, ఉలవచారు! లోకంలో ఉలవలు ఉడకబెట్టడం లక్ష్మణమ్మ ఒక్కదానికే వచ్చినట్టు! దాలమ్మ గరిటె కూరలో పడేసి లేచింది. వడ్డించిన కంచం ఎత్తుకెళ్ళి గేదె కుడితిలో కుమ్మరించింది. తనూ తినలేదు.

నిజం చెప్పొద్దూ, మొన్నమొన్నటిదాకా ఈ ఇంట్లో ఏ కూర ఎవరి చేతిదో ఎవరికీ తెలిసేది కాదు. తోడికోడళ్ళిద్దరిదీ ఒకటే పొయ్యి. పెద్దకోడలు దాలమ్మ ఎసరు పెడితే చిన్నకోడలు లక్ష్మణమ్మ బియ్యం కడిగేది. ఒకళ్ళు తరిగితే ఇంకొకళ్ళు పోపు వేసేవారు. బాగుందని మగాళ్ళంటే ఇద్దరూ మురిసిపోయేవారు, ఉప్పెక్కువైతే ఇద్దరూ కలిసి నవ్వుకునేవారు.

ఇప్పుడు పొయ్యిలు రెండయ్యాయి. ఇంట్లో అందరి కాళ్ళూ మాత్రం ఒక పొయ్యి వైపే నడుస్తున్నాయి. తన చేతి వంట ఎవరికీ అక్కర్లేదని ఇన్నేళ్ళ కాపురం తర్వాత తెలియడం కంటే ఆడదానికి అవమానం ఉందా?

ఇదంతా దేనికొచ్చింది? పద్మకుమారి చదువుకి. లక్ష్మణమ్మ కూతురు పి.యు.సి. ఫస్టుక్లాసులో పాసయింది. విశాఖపట్నంలో డాక్టరు చదువుకి దరఖాస్తు పెట్టింది. సీటు వస్తుందో రాదో ఇంకా తెలియలేదు. కానీ స్కాలర్‌షిప్పు కాగితాలు మాత్రం సీటు సంగతి తేలేదాకా ఆగవట, ఈ శనివారంలోగా పంపెయ్యాలట. ఆ కాగితాలతో పాటు కుటుంబం ఆదాయం ఇంతేనని తాసిల్దారు సంతకం పెట్టిన సర్టిఫికెట్టు జతచెయ్యాలి.

అక్కడొచ్చింది చిక్కు. దాలమ్మ మొగుడు జగన్నాధం, అతని తమ్ముడు నరసింగరావులది ఉమ్మడి సేద్యం. పల్లం, మెట్ట అంతా కలిపి లెక్క కడితే ఆదాయం హద్దు దాటిపోతుంది. వేరుపడ్డారని రాస్తే చెరిసగమై హద్దు లోపలికి వస్తుంది. కాగితం మీద వేరుపడితే చాలదని కరణంగారు ముందే చెప్పారు. రెవిన్యూ ఇనస్పెక్టరు, అదే ఆరై, ఇంటికొస్తాడు, వచ్చి ముందు పొయ్యి చూస్తాడు. ఒక పొయ్యి ఉంటే ఒక కుటుంబమే అని రాసేస్తాడు.

అందుకని నరసింగరావు సావిడిలో ఓ మూల రెండో పొయ్యి వేశాడు. "గుంట సదువు కదా, ఎయ్యి" అన్నాడు జగన్నాధం. సర్టిఫికెట్టు చేతికొచ్చేక పడగొట్టేద్దామనుకున్నారు. స్కాలర్‌షిప్పు రాకపోతే సీటొచ్చినా పద్మని పంపలేనని నరసింగరావు ముందే కూతురికి చెప్పేశాడు. ఉమ్మడి భూమిలో సెంటు కూడా అమ్మనని అన్నకి మాటిచ్చినవాడు.

దాలమ్మని ఎవరూ అడగలేదు. అడిగితే సరేననేదే. అడగకపోవడమే ఆమె కడుపులో పడి ఉడుకుతోంది.

గంగరాజుదీ అదే ఈడు, అదే చదువు. వాడికి సెకండుక్లాసు వచ్చింది. విజయనగరంలో బి.ఎస్.సి.కి దరఖాస్తు పెట్టాడు. సీటొచ్చిందని చెప్పే కార్డు ఇంకా రాలేదు. పోస్టుమేను సైకిలు గంట వినిపిస్తే దాలమ్మ వీధిలోకి పరిగెడుతుంది, ఉత్త చేతుల్తో తిరిగొస్తుంది. నూతి దగ్గర తవిటమ్మ పలకరించి, "మీ పద్మ డాట్రవుతాదంట కదా, మనూరికి మంచి పేరు" అంటుంది. మీ గంగరాజు ఏం చేస్తాడని ఒక్కరూ అడగరు. దాలమ్మ పళ్ళు బిగబట్టి నవ్వి, బిందె ఎత్తుకుని వచ్చేస్తుంది.

దీన్ని అసూయ అంటారు. దాలమ్మకి ఆ పేరు తెలుసు. తన మీద పెట్టుకోవడానికి మాత్రం ఒప్పుకోదు.

కొడుకు సంగతైనా కొంత నయం. ఆమె గుండెలో అసలు ముల్లు అత్త కూర్మమ్మ. కూర్మమ్మ ఒట్టి అత్త కాదు, దాలమ్మకి సొంత మేనత్త. అన్న కూతురని ఏరికోరి పెద్దకొడుక్కి చేసుకుంది. లక్ష్మణమ్మ నెల్లిమర్ల నుంచి వచ్చిన బయటి పిల్ల. అలాంటిది రెండో పొయ్యి రాజుకున్న పూటే ముసలమ్మ కర్ర పోటేసుకుంటూ సావిడిలోకి వెళ్ళి కూర్చుంది. అప్పటినుంచీ తిండి అక్కడే.

దాలమ్మ రోజూ అత్తకోసం మెత్తగా వండుతోంది. మూతపెట్టి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటోంది. సాయంత్రానికి అది గేదెకి పోస్తోంది. ఒక్కసారి, ఒక్కసారైనా ఆ మనిషి ఇటు తొంగి చూసిందా?

గంగరాజు తినకుండా వెళ్ళిన ఆ మధ్యాహ్నమే పద్మకుమారి వచ్చింది. చేతిలో కాగితాల కట్ట. గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకాలు పెట్టించడానికి శ్రీకాకుళం వెళ్ళి ఎండలో పడి వచ్చినట్టుంది, మొహం వాడిపోయి ఉంది. జడ ఊడిపోయింది. ఆ జడ ఎన్నేళ్ళుగానో దాలమ్మే వేసేది. పొయ్యితో పాటు అదీ అటు వెళ్ళిపోయింది.

"పెద్దమ్మా, రేపు పొద్దున్న ఆరైగారు వస్తారంట" అంది.

"వస్తే?"

"నువ్వు పొయ్యి ఎలిగించి ఉంచితే సాలు."

"నా పొయ్యి నాను ఎలిగించుకోడానికి నీ సెలవు కావాలేటే?"

పద్మకుమారి కిందికి చూసింది. అది కాదు పెద్దమ్మా అని గొణిగింది. దాలమ్మ విననట్టే కూర్చుని పప్పు చెరుగుతోంది. ఆ పిల్ల కాగితాలు గుండెకి హత్తుకుని వెళ్ళిపోయింది. ఆకలేస్తోందా అని దాలమ్మ అడగలేదు. నోటిదాకా వచ్చింది, మింగేసింది.

మర్నాడు పొద్దున్నే ఊళ్ళో సగం జనం నాట్లకి పోయారు. ఈ ఇంట్లో మాత్రం మగాళ్ళు ఉతికిన పంచెలు కట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. సావిడిలోంచి పొగ లేచింది. దాలమ్మ తన పొయ్యి ముందు అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుంది.

వెలిగించకపోతే? బూడిద చల్లగా ఉంటే చాలు. వచ్చినాయన ఓ చూపు చూసి, ఈ ఇంట్లో వంట ఒక్కచోటేనని రాసుకుని పోతాడు. తను నోరు విప్పనక్కర్లేదు. పద్మ డాక్టరూ కాదు, తవిటమ్మ నూతి దగ్గర పలకరించనూ పలకరించదు. రెండో పొయ్యి పడిపోతుంది, అత్త ఇటొస్తుంది.

ఆ ఆలోచన చాలాసేపు తీపిగానే ఉంది. చివరికి పుల్ల గీసింది. మంచితనం పొంగి కాదు, కుళ్ళుకుని పొయ్యి ఆర్పేసిందని లక్ష్మణమ్మ నోట పడడం ఇష్టం లేక.

ఆరై గణపతిరావు సైకిలు దిగాడు. వెనకాలే కరణంగారు. గణపతిరావు నెమ్మదైన మనిషి, గొంతు పెద్దది చెయ్యడు. మజ్జిగ ఇస్తే వద్దన్నాడు. ముందు దాలమ్మ వంటిల్లు చూశాడు, తర్వాత సావిడిలోకి వెళ్ళాడు. అక్కడ గోడ మీద అరచెయ్యి రాసి చూసుకున్నాడు. మసి అంటీ అంటనట్టు అంటింది.

"ఈ పొయ్యి పసిదయ్యా" అన్నాడు.

కొత్తగా అలికించామని నరసింగరావు ఏదో సర్దబోయాడు. గణపతిరావు అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచి, భూముల మాట ఎత్తాడు. ఏ చెక్క ఎవరికొచ్చింది, కాడెద్దులు ఎవరివి అని అడిగాడు. కరణంగారు నేర్పిన జవాబులన్నీ అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు అప్పజెప్పారు. తల్లి వెనక నిలబడ్డ పద్మకుమారి పెదవులు కదుపుతూ ఆ జవాబులు తనూ చెబుతోంది.

అంతలో నేర్పని ప్రశ్న ఒకటి వచ్చింది. నారు పెంచే ఆకుమళ్ళు ఎవరివి వాళ్ళే పోసుకున్నారా అన్నాడు ఆయన.

"పోసుకున్నామండి" అన్నాడు నరసింగరావు ధీమాగా.

"నీదెక్కడ?"

నరసింగరావు అన్న వైపు తిరిగాడు. పుట్టిన దగ్గర్నుంచీ అన్న చూపించిన మడిలో దిగడమే గానీ ఇది నాది అని అతను ఏనాడూ అనుకోలేదు.

"అన్నా, మనదేది?" అన్నాడు.

"గట్టు కిందది నీదని సెప్పరా" అన్నాడు జగన్నాధం, ఎంతో సాయం చేస్తున్నట్టు.

కరణంగారు తల పట్టుకున్నారు. గణపతిరావు నవ్వాపుకుని పుస్తకం మూసేశాడు.

"మీరు వేరుపడ్డవాళ్ళు కాదయ్యా" అన్నాడు. "వేరుపడ్డ అన్నదమ్ముల్ని నేను రోజూ చూస్తున్నాను. వాళ్ళిలా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మీ పిల్ల చదువు చెడాలని నాకేం లేదు. కానీ లేనిది ఉన్నట్టు నేను రాయలేను."

పద్మకుమారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నరసింగరావు బాబూ బాబూ అంటున్నాడు. లక్ష్మణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తలుపు చాటున నిలబడ్డ దాలమ్మకి కడుపు చల్లబడింది. వెంటనే సిగ్గూ వేసింది. అయినా చల్లబడిన మాట నిజం.

గణపతిరావు లేచాడు. కరణంగారు ఊరుకోక, ఓసారి ముసలమ్మని కూడా అడగండి బాబూ, పెద్దావిడ అబద్ధం చెప్పదు అన్నారు. కూర్మమ్మ అరుగు చివర కూర్చుని, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. పెద్దకొడుకు దగ్గర తింటున్నానని చెప్పమని ఆమెకి నేర్పి ఉంచారు. తల్లి పెద్దవాడి పంచన ఉంటుంది, అది లోకరీతి కదా.

"మీరెవరి దగ్గర తింటున్నారమ్మా?" అన్నాడు గణపతిరావు, నిలబడే.

కూర్మమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. నేర్పిన మాట గుర్తు తెచ్చుకోవడానికి ఓ క్షణం చూసినట్టుంది. అది దొరక్కో, అక్కర్లేదనుకునో గానీ నిజమే చెప్పింది.

"సిన్నదానికాడ బాబూ. సిన్నదానికాడే తింతన్నాను. అది బాగా సూస్తాది."

ఆ చివరి మాట అనకపోయినా బాగుండేది.

దాలమ్మ తలుపు తోసుకుని అరుగు మీదికి వచ్చేసింది. నెత్తి మీద ముసుగు జారిపోయింది. పరాయి మగాడున్నాడని కూడా చూసుకోలేదు.

"రాసుకోండి బాబూ" అంది. "ముసిల్ది ఆలదే. నా కొడుకూ ఆలదే, అదీ రాసుకోండి. ఈమె నా మేనత్త. ఏలట్టుకుని నన్నీ ఇంటికి తెచ్చుకున్నాది. పొయ్యి ఏరైన పూటే నన్నొగ్గేసి దానికాడికెల్లి కూకున్నాది. నాను ఒండిన కూడు గేదికి పోస్తన్నాను. డాట్రు సదివే కూతురున్నదానికే అత్తలూ, దానికే కొడుకులూ. నాకేటున్నాది ఈ ఇంట్లో?"

జగన్నాధం ఊరుకోవే అన్నాడు. ఆమె వినలేదు. లక్ష్మణమ్మ వైపు తిరిగి, నా కొడుకుని ఉలవచారు పోసి లాక్కున్నావు కదే అంది. నోట్లో నాలుక లేని లక్ష్మణమ్మ ఆ మాటకి ముందుకొచ్చింది.

"గుంటడు ఆకలని వస్తే పొమ్మనమంటావేటక్కా? నీ పొయ్యికాడికి రావాలంటే ఆడికి బయిమంట. మొకం అలగెట్టుకుంటే ఎవులొస్తారు?"

"నా మొకం గురించి నువ్వు సెప్పీదానివా?"

"నానేనాడు సెప్పేను? ఇన్నేల్లు నువ్వు కూకోమంటే కూకున్నాను, నెగమంటే నెగిసేను. నా గుంటకి ఫస్టుకలాసు వస్తే ఒక్క మంచి మాటన్నావా నువ్వు?"

ఆ మాట నిజం కావడంతో దాలమ్మ ఇంకా రేగిపోయింది. కల్లం పంచాలంది, ఎడ్లు పంచాలంది, ఇత్తడి గుండిగలు తన పుట్టింటివని, వాటి మీద చెయ్యి వేస్తే ఊరుకోనని అంది. గోడలవతల ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వీధిలో నిలబడ్డారు. అన్నదమ్ములిద్దరూ తలలు వంచుకున్నారు. ఈసారి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

గణపతిరావు వెళ్ళబోతున్నవాడల్లా మళ్ళీ కూర్చున్నాడు. పుస్తకం తెరిచాడు. కలం మూత తీసి, చాలాసేపు రాశాడు.

"ఇందాకటిది నమ్మలేకపోయాను. ఇది నమ్మొచ్చు" అన్నాడు మెల్లిగా. "రెండు కుటుంబాలేనని రాశాను. రేపు ఆఫీసుకొచ్చి సర్టిఫికెట్టు తీసుకోండి."

ఇంకెవరి మొహమూ చూడకుండా సైకిలెక్కాడు. కరణంగారు ఆయన్ని సాగనంపడానికి వెంట కదిలారు.

పద్మకుమారి స్కాలర్‌షిప్పు కాగితాలు పూర్తయ్యాయి. చేయించింది ఎవరో చూశారుగా!

ముందుగా నరసింగరావు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ వచ్చి వదిన ముందు చేతులు జోడించాడు. "ఒదినా, నువ్వే దిక్కయ్యేవు. నాటకంలో కూడా ఎవులూ ఇలగ ఆడలేరు" అన్నాడు. జగన్నాధానికి కూడా ప్రాణం లేచొచ్చింది, అదా సంగతి అని గట్టిగా నవ్వాడు. పద్మకుమారి పరిగెత్తుకొచ్చి పెద్దమ్మ కాళ్ళు పట్టుకుంది.

లక్ష్మణమ్మ ఒక్కతే నవ్వలేదు.

అప్పుడు అవును నాటకమేనని దాలమ్మ ఒక్క మాట అని ఉంటే అంతటితో పోయేది. ఆ రాత్రికి రెండో పొయ్యి పడగొట్టి అందరూ ఒకచోట కూర్చుని తినేవారు. అందరూ ఆమెకి దణ్ణం పెట్టేవారు. ఆ మాట కోసమే అందరూ ఆమె నోటివైపు చూస్తున్నారు.

దాలమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"నాను నాటకమాడలేదు" అంది. అని, అత్త ముందుకెళ్ళి నిలబడింది. "అత్తా, ఇప్పుడు ఆపీసరు ఎల్లిపోయేడు. నిజం సెప్పు. నన్నెందుకొగ్గేసేవు? నానేటి తక్కువ సేసేను నీకు?"

కూర్మమ్మ చుట్ట ఆర్పి పక్కన పెట్టింది. కోడల్ని ఎగాదిగా చూసింది. ఆమె కళ్ళలో కోపమేమీ లేదు.

"నువ్వు పిలవనేదు గదే" అంది.

"పిలవాలా? నువ్వు నా మేనత్తవి. నిన్ను పిలవాలేటి?"

"పొయ్యి ఒకటైనన్నాల్లూ అక్కర్నేదు. ఏరైనాక పిలవాల. పిలవని పొయ్యికాడికి ఎవులెల్తారే? నువ్వు ఒండి మూతెట్టుకుని కూకున్నావు. రా అత్తా అని ఒక్కపాలి అననేదు. అది పిలిసింది, ఎల్లేను. నీ కొడుకునీ అదే పిలిసింది."

దాలమ్మ మనసులో ఒక్కో పూటా లెక్కపెట్టుకుంది. పిలవలేదు. నిజమే, ఒక్క పూట కూడా పిలవలేదు. వాళ్ళంతట వాళ్ళే రావాలని చూసింది. రావాలి కదా, తనవాళ్ళు కదా!

ఆ మాట పైకి అని ఉండాల్సింది. కానీ వీధిలో అంతమంది, ఎదురుగా లక్ష్మణమ్మ. ఓడిపోయినట్టు నిలబడడం ఆమె వల్ల కాలేదు.

"అయితే ఏరే ఉందాం" అంది. "కరణంగారిని పిలవండి. రాసినట్టే పంచీమనండి."

ఎవరో ఒకరు అడ్డుపడతారనే అంది. మరిది వద్దు వదినా అంటాడు. మొగుడు నోర్ముయ్యమని కసురుతాడు. అప్పుడు కాసేపు ఏడ్చి ఊరుకోవచ్చు.

నరసింగరావు ఎప్పట్లాగే అన్న వైపు చూశాడు. జగన్నాధం నవ్వు ఎప్పుడో చెదిరిపోయింది. భార్య మాటకి ఎదురు చెప్పడం ఏనాడూ అలవాటు లేని మనిషి, తమ్ముడి వైపు ఒక్కసారి చూసి, దండెం మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"అలగే" అన్నాడు. "కరణంగారింకా ఊరు దాటుండరు. తీసుకొస్తాను."

మెట్లు దిగాడు. వీధిలో నిలబడ్డవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు.

బావా అని ఒక్క పిలుపు పిలిస్తే ఆగుతాడు. దాలమ్మకి తెలుసు. పిలవడానికి నోరు తెరిచింది కూడా. అరుగు మీద తల్లి ఒళ్ళో తలపెట్టుకుని పద్మకుమారి ఏడుస్తోంది. గంగరాజు గబగబా లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. కన్నతల్లిని దాటుకుని వెళ్ళి, చెంబు పద్మ చేతిలో పెట్టాడు.

దాలమ్మ నోరు మూసుకుంది. జగన్నాధం వీధి మలుపు తిరిగిపోయాడు.